దేశం కుదుపుల్లో ఉన్నప్పుడు లూథరన్ సంఘాలు దేన్ని పట్టుకుని నిలిచాయి?

సంక్షిప్తంగా: యుద్ధాలు, నియంతల పాలన, నిషేధాలు వచ్చిపడినప్పుడు లూథరన్ సంఘాలు (పదహారో శతాబ్దపు జర్మన్ సంస్కర్త మార్టిన్ లూథర్ బోధను అనుసరించే ప్రొటెస్టెంట్లు) కొన్నిచోట్ల గట్టిగా నిలబడ్డాయి, కొన్నిచోట్ల నోరు మెదపకుండా ఊరుకున్నాయి. ఒకే సిద్ధాంతాన్ని నమ్మేవాళ్ల మధ్య ఇంత తేడా ఎందుకొచ్చిందని చూస్తే రెండు ప్రశ్నలు పదేపదే ఎదురవుతాయి. విశ్వాసపు పాఠం చర్చి గోడలు దాటి ఇళ్లలోకి ఎంతవరకు వెళ్లింది? పాస్టర్ అయ్యగారి జీతం ఎవరి చేతి మీదుగా వస్తోంది? కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల సంఘాలకు కూడా ఇవి వర్తించే ప్రశ్నలే.

సీమ జిల్లాల్లో క్రైస్తవ సంఘం అనగానే సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) చర్చి, కాథలిక్కుల గుడి, బాప్టిస్టు మందిరం, ఈమధ్య వీధివీధికీ వెలిసిన స్వతంత్ర ప్రార్థన మందిరాలు గుర్తొస్తాయి. లూథరన్ అనే పేరు గుంటూరు, రాజమండ్రి వైపు ఉన్నంత వాడుకలో ఇక్కడ లేదు. అందుకే ఉక్రెయిన్ యుద్ధం గురించో ఇథియోపియా అంతర్యుద్ధం గురించో చదువుతున్నప్పుడు ఈ పేరు తగిలితే చాలామందికి అయోమయంగా ఉంటుంది. ఏ ప్రభుత్వం వచ్చినా లూథరన్లు ఎదురు చెప్పరని ఒక మాట వినపడుతుంది. బెర్లిన్ గోడ కూలడానికి లూథరన్ చర్చిల్లో జరిగిన ప్రార్థనలే నాంది అని ఇంకో మాట. రెండింటికీ చరిత్రలో ఆధారం ఉంది. రెండూ ఒకే సిద్ధాంతం నుంచి ఎలా పుట్టాయన్నదే ఇక్కడ చూడాల్సిన విషయం.

సీమ అంచుల్లో లూథరన్లు

పంతొమ్మిదో శతాబ్దంలో తెలుగు నేల మీదికి వచ్చిన మిషన్లు ఒకరి ప్రాంతంలోకి ఒకరు రాకుండా ఇలాకాలు పంచుకున్నాయి. కడప, గుత్తి, జమ్మలమడుగు, అనంతపురం లండన్ మిషన్ చేతిలో ఉండేవి. నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడు వైపు ఆంగ్లికన్లు, కర్నూలు వైపు అమెరికన్ బాప్టిస్టులు పనిచేశారు. అమెరికన్ లూథరన్లు 1842లో గుంటూరులో మొదలుపెట్టి పల్నాడు మీదుగా పడమరకు వచ్చి తర్లుపాడు దాకా చేరారు. తర్లుపాడు ఉన్న మార్కాపురం ప్రాంతం ఇప్పుడు కర్నూలు జిల్లా కాదు గానీ, 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా కర్నూలులోనే ఉండేది. దక్షిణాన జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ మిషన్ 1865 ప్రాంతంలో సూళ్లూరుపేట, నాయుడుపేటల్లో మొదలై తిరుపతి, కోడూరు వైపు పాకింది. అంటే సీమకు ఈశాన్యాన ఒక అంచులో అమెరికన్ లూథరన్ వారసత్వం, ఆగ్నేయాన ఇంకో అంచులో జర్మన్ లూథరన్ వారసత్వం ఉన్నాయి. మొదటిది నేటి ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం, కేంద్రం గుంటూరు. రెండోది దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం, కేంద్రం తిరుపతి.

ఈ రెండు సంఘాల్లోనూ సభ్యుల్లో ఎక్కువమంది మాల, మాదిగ పేటల వాళ్లే. భూమి లేదు, చదువు అప్పుడప్పుడే అందుతోంది. ఊళ్లో మాట చెల్లే స్థితి అంతకన్నా లేదు. దేశంలో కల్లోలం వస్తే మొదటి దెబ్బ తగిలేది ఇలాంటి ఇళ్లకే. కాబట్టి సంఘం ఎలా నిలుస్తుందన్నది వీళ్లకు వేదాంత చర్చ కన్నా బతుకు ప్రశ్న.

లోబడమన్న మాట ఎంతవరకు?

లూథరన్ బోధలో దేవుడు లోకాన్ని రెండు రకాలుగా ఏలుతాడని చెబుతారు. చట్టం, శిక్ష, రక్షణ ప్రభుత్వం ద్వారా. క్షమాపణ, విశ్వాసం వాక్యం ద్వారా. రోమీయులకు రాసిన పత్రిక 13వ అధ్యాయంలో పైఅధికారులకు లోబడమన్న మాటను లూథరన్లు గట్టిగా పట్టుకోవడానికి ఇదే పునాది. అయితే 1523లో ప్రభుత్వ అధికారం గురించి రాసిన పుస్తకంలో లూథరే దానికి హద్దు గీశాడు. రాజు ఆస్తి మీద, శరీరం మీద ఆజ్ఞ వేయగలడు గానీ మనస్సాక్షి మీద వేయలేడన్నాడు. లూథరన్ల మూల విశ్వాస పత్రమైన 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణంలో 16వ అధికరణం ఈ హద్దును సూటిగా చెబుతుంది. క్రైస్తవులు ప్రభుత్వ ఉద్యోగాలు చేయవచ్చు, చట్టానికి లోబడాలి, పాపం చేయమంటే మాత్రం మనుషులకన్నా దేవునికే లోబడాలి.

అదే ప్రమాణంలో 7వ అధికరణం ఇంకా ముఖ్యమైనది. సువార్త సరిగా బోధించడం, బాప్తిస్మం, ప్రభు భోజనం సరిగా జరగడం, సంఘపు ఐక్యతకు ఇంతే చాలంటుంది. బిషప్పు గద్దె, భవనం, ఆచారాల పట్టిక అన్నిచోట్లా ఒకేలా ఉండాల్సిన పని లేదు. మామూలు రోజుల్లో ఈ వాక్యం ఎవరికీ పెద్దగా గుర్తుండదు. చర్చికి తాళం పడ్డ రోజున దీని విలువ తెలుస్తుంది, ఎందుకంటే సంఘం ఎక్కడికైనా మోసుకుపోగలిగినంత తేలికగా ఉంటుంది.

మరి మౌనం ఎక్కడి నుంచి వచ్చింది? 1555 తర్వాత జర్మనీలో ఏ సంస్థానానికి ఆ సంస్థానపు పాలకుడే చర్చికి పెద్ద దిక్కయ్యాడు. పాస్టర్లు ఇంచుమించు సర్కారు ఉద్యోగుల్లా బతికారు. ఈ ఏర్పాటు 1918లో రాజులు గద్దె దిగేదాకా సాగింది. మూడున్నర శతాబ్దాలకు పైగా జీతం, అధికారం ఒకే చేతి నుంచి వస్తే రాజకీయం మన పని కాదనే అలవాటు ఎముకల్లో ఇంకిపోతుంది. సిద్ధాంతంలో ఉన్న హద్దు కాగితం మీద మిగిలింది, అలవాటు గెలిచింది.

గోల్కొండ ఓడ ఎక్కిన పాస్టర్లు

తెలుగు లూథరన్ సంఘాల చరిత్రలో తొలి కుదుపులన్నీ పరాయి దేశాల్లో పుట్టినవే. 1848లో జర్మనీలో విప్లవాలు చెలరేగితే రాజమండ్రిలో పనిచేస్తున్న ఉత్తర జర్మన్ మిషన్‌కు డబ్బు అందక, కొన్నేళ్లలోనే అమెరికన్లకు అప్పజెప్పాల్సి వచ్చింది. 1861 నుంచి 1865 దాకా అమెరికాలో అంతర్యుద్ధం జరిగితే గుంటూరుకు మనుషులు, డబ్బు రెండూ తగ్గాయి. ఇక్కడి మాలపల్లెలో బాప్తిస్మం తీసుకున్న మనిషికి ఆ గొడవలతో ఏ సంబంధమూ లేదు, అయినా బడి మూతపడితే నష్టం అతని పిల్లలకే.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ 1914లో. మొదటి ప్రపంచ యుద్ధం మొదలవగానే బ్రిటిష్ ఇండియాలోని జర్మన్లందరూ శత్రుదేశం మనుషులయ్యారు. మిషనరీల మీద ముందు ఆంక్షలు వచ్చాయి, ఆ తర్వాత పట్టుకుని అహ్మద్‌నగర్ శిబిరానికి తరలించారు. 1915-16లో 'గోల్కొండ' అనే ఓడలో రెండు విడతలుగా జర్మన్ మిషనరీలను వాళ్ల దేశానికి పంపేశారు. నాయుడుపేట, గూడూరు, తిరుపతి వైపు సంఘాలు ఒక్కసారిగా దిక్కులేనివయ్యాయి. దస్తావేజులు జర్మన్ల పేర, జీతాలు జర్మనీ నుంచి, నిర్ణయాలు జర్మన్ల సమావేశంలో. ఇవన్నీ ఒకేసారి ఆగిపోయాయి.

అలాంటప్పుడు పేటల్లో మిగిలేది ఉపదేశి. పగలు పిల్లలకు అక్షరాలు చెప్పి, సాయంత్రం ప్రార్థన జరిపి, ఆదివారం ఆరాధన క్రమం చదివి, ఎవరైనా పోతే సమాధి దగ్గర నాలుగు మాటలు చెప్పే మనిషి. ఆయన చేతిలో ఉన్న ప్రధాన సాధనం లూథర్ 1529లో రాసిన చిన్న కాటెకిజం. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన, బాప్తిస్మం, పాపపు ఒప్పుకోలు, ప్రభు భోజనం, అన్నీ ప్రశ్న జవాబుల రూపంలో ఉంటాయి. ఒక్కో భాగం మొదట్లోనే ఇంటి యజమాని దీన్ని తన ఇంటివాళ్లకు ఎలా నేర్పాలో చెబుతున్నట్టు రాశాడు. పాస్టర్ నేర్పాలని కాదు, ఇంట్లోవాళ్లే నేర్చుకోవాలని. చదువు రాని ఇళ్లలో ప్రశ్న అడిగితే జవాబు నోటికి చెప్పడమే చదువు. అలా నేర్చినదాన్ని ఏ ప్రభుత్వమూ ఓడ ఎక్కించి పంపలేదు.

ఆ తర్వాత జరిగినది పోల్చి చూడదగ్గది. రాంచీ వైపు గోస్నర్ మిషన్ సంఘాలకు కూడా ఇదే గతి పట్టింది. వాళ్లు 1919 జూలై 10న తమది స్వయంపాలక సంఘమని ప్రకటించుకున్నారు. తమిళనాట లీప్‌జిగ్ మిషన్ సంఘాలు స్వీడన్ వాళ్ల తోడుతో అదే ఏడాది జనవరిలో స్వతంత్ర సంఘంగా ఏర్పడ్డాయి. దక్షిణ ఆంధ్రలో దారి వేరైంది. అమెరికాలోని ఒహాయో సినడ్ (అక్కడి లూథరన్ సంఘాల సమాఖ్య) బాధ్యత తీసుకుని, 1920 నాటికి జర్మన్ల పనిని పూర్తిగా తన కిందికి తెచ్చుకుంది. సంఘం సొంత నిర్మాణం 1945లో గానీ రాలేదు.

ఏది మేలు? ఆసుపత్రి, బడి, హాస్టల్ ఆగకుండా నడవడం చిన్న విషయం కాదు, పేదల సంఘానికి అది ప్రాణాధారం. రాంచీ వాళ్లు ఆ సౌకర్యం వదులుకుని చాలా ఇబ్బంది పడ్డారు. కానీ తెల్లదొర పోతే మరో తెల్లదొర వచ్చిన చోట సంఘం తన కానుకతో తాను నడవడం నేర్చుకోవడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది. ఆ ఆలస్యం తర్వాతి తరాల మీద పడింది. ఆస్తులు ఎక్కువ, వాటిని చూసుకునే అలవాటు తక్కువ అయినప్పుడు పదవుల తగాదాలు, కోర్టు కేసులు రావడం తెలుగు సంఘాలు బాగా ఎరిగిన సంగతే.

జర్మనీలో మౌనానికి పడిన మూల్యం

సూళ్లూరుపేటకు పాస్టర్లను పంపిన హెర్మన్స్‌బర్గ్ జర్మనీలో హానోవర్ ప్రాంతంలో ఉంది. 1933లో హిట్లర్ వచ్చాక హానోవర్, బవేరియా, వుర్టెంబర్గ్ లూథరన్ సంఘాలు తమ బిషప్పులను, తమ నిర్మాణాన్ని కాపాడుకోగలిగాయి. వాటిని చెక్కుచెదరని సంఘాలన్నారు. మిగతాచోట్ల నాజీలను సమర్థించే 'జర్మన్ క్రైస్తవుల' వర్గం 1933 జూలై చర్చి ఎన్నికల్లో గెలిచి పగ్గాలు పట్టింది. యూదు సంతతి వాళ్లు పాస్టర్లుగా ఉండకూడదనే నిబంధనను చర్చిలోకి తెచ్చింది. దానికి ఎదురుగా మార్టిన్ నీమోలర్ అనే పాస్టర్ పాస్టర్ల అత్యవసర సమాఖ్యను కట్టాడు. 1934 మే నెలాఖరున బార్మెన్‌లో లూథరన్, రిఫార్మ్‌డ్, ఐక్య సంఘాల ప్రతినిధులు కలిసి, సంఘానికి క్రీస్తు తప్ప వేరే నాయకుడు లేడని ప్రకటించారు.

ఇలా ఎదురు నిలిచినవాళ్లు కట్టుకున్న 'ఒప్పుకోలు సంఘం' ఎలా నడిచిందన్నది ఆసక్తికరం. చర్చి రిజిస్టర్లు ప్రభుత్వపు మనుషుల చేతిలో ఉన్నాయి కాబట్టి, సంఘంలో చేరేవాళ్లు విడిగా ఒక ఎర్ర కార్డు మీద సంతకం చేసేవాళ్లు. పుట్టుకతో వచ్చిన సభ్యత్వం చాలదు, పేరు రాసి ఇవ్వాలి. అది పోలీసులకు దొరికితే ఉద్యోగానికి ముప్పు. 1937లో కానుకల మీద ఆంక్షలు బిగిశాయి. ప్రభుత్వం అనుమతించని కానుకను ఆరాధనలో ప్రకటించినందుకే పాస్టర్లు అరెస్టయ్యారు. డీట్రిష్ బోన్‌హోఫర్ అనే లూథరన్ పాస్టర్ నడిపిన ఫిన్కెన్‌వాల్డె పాస్టర్ల శిక్షణాలయానికి చుట్టుపక్కల కుటుంబాలు సామాన్లు, తిండిగింజలు పంపేవి. 1937లో నాజీ రహస్య పోలీసు దళం గెస్టపో దాన్ని మూసేసింది. బోన్‌హోఫర్‌ను 1945 ఏప్రిల్ 9న ఉరితీశారు.

ఇంత ధైర్యం చూపినవాళ్లు కూడా ఎక్కువగా పోరాడింది చర్చి స్వేచ్ఛ కోసమే. పక్కింటి యూదు కుటుంబాన్ని తీసుకుపోతుంటే సంఘంగా నిలబడి అడ్డుకున్నది చాలా తక్కువ. చెక్కుచెదరని సంఘాలు భవనాలను కాపాడుకున్నాయి, అందుకోసం రాజీలు పడ్డాయి. 1945 అక్టోబరులో స్టుట్‌గార్ట్‌లో ఆ నాయకులే తాము తగినంత ధైర్యంగా సాక్ష్యమివ్వలేదని బహిరంగంగా ఒప్పుకున్నారు. లూథరన్ చరిత్రలో ఇంతకన్నా బరువైన పేజీ లేదు. సీమ సంఘాల బైబిలు తరగతుల్లో దీన్ని దాటేయకుండా చెప్పుకోవడం అవసరం.

నార్వే: జీతం వదిలి బోధ వదలని వాళ్లు

అదే బోధ, అదే కాటెకిజం, అదే నాజీలు. నార్వేలో మాత్రం ఫలితం వేరు.

1942 ఫిబ్రవరి 1న దేశాన్ని ఆక్రమించిన జర్మన్ల అండతో అక్కడి నాజీ పక్షపాతి క్విస్లింగ్ ప్రధాని అయ్యాడు. ఆ ఉత్సవం కోసం ట్రాండ్‌హైమ్ నగరంలోని పెద్ద చర్చిలో పొద్దున ఆరాధనను ప్రభుత్వానికి అనుకూలుడైన పాస్టర్‌కు అప్పగించారు. చర్చికి ఎప్పుడూ వచ్చేవాళ్లు ఆ ఆరాధనకు రాలేదు. తమ పాస్టర్ ఆర్నె ఫ్యెల్‌బు మధ్యాహ్నం ఆరాధన పెట్టుకుంటే అప్పుడొచ్చారు. పోలీసులు తలుపుల దగ్గర అడ్డుకున్నారు. లోపలికి వెళ్లగలిగినవాళ్లు కొందరే. మిగతా జనం గడ్డకట్టే చలిలో బయటే నిలబడి, 46వ కీర్తన ఆధారంగా లూథర్ రాసిన పాట ఎత్తుకున్నారు. మన తెలుగు క్రైస్తవ కీర్తనల పుస్తకంలోనూ ఉన్న పాటే అది. పుస్తకం చూసి పాడే పరిస్థితి కాదు, నోటికి వచ్చినవాళ్లే పాడగలరు. అందరికీ వచ్చు.

ఫ్యెల్‌బును ఉద్యోగం నుంచి తీసేశారు. ఫిబ్రవరి 24న దేశంలోని బిషప్పులంతా రాజీనామా చేశారు. ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం, చర్చిల్లో 'సంఘానికి పునాది' అనే ప్రకటన చదివి, పాస్టర్లలో పదింట తొమ్మిది మందికి పైగా ప్రభుత్వం ఇచ్చిన పదవిని వదిలేశారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. వాళ్లు వదిలింది సర్కారు ఉద్యోగాన్ని, దాంతో వచ్చే జీతాన్ని. అభిషేకం నాడు చేసిన ప్రమాణాన్ని వదల్లేదు. ఆ ప్రమాణం ఇప్పించింది ప్రభుత్వం కాదు కాబట్టి దాన్ని వెనక్కి తీసుకునే హక్కూ ప్రభుత్వానికి లేదన్నది వాళ్ల వాదన. కాబట్టి బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధులు, ఆదివారపు బోధ ఆగలేదు. సంఘస్థులు రహస్యంగా చందాలు వేసి పాస్టర్ల కుటుంబాలను పోషించారు. ప్రభుత్వం కొత్తగా పెట్టిన పాస్టర్ల ఆరాధనలకు జనం ముఖం చాటేశారు. ఈ పోరాటానికి పెద్దగా నిలిచిన ఓస్లో బిషప్ ఐవింద్ బెర్‌గ్రావ్‌ను అరెస్టు చేసి 1945 దాకా ఒక అడవి గుడిసెలో కాపలా మధ్య ఉంచారు.

నార్వేకు కలిసొచ్చినవి కూడా ఉన్నాయి. పాలకుడు విదేశీ సైన్యం భుజం మీద ఎక్కి వచ్చినవాడు, అతన్ని కాదనడం జర్మన్‌కు హిట్లర్‌ను కాదనడం కన్నా తేలిక. అదే సమయంలో బడి టీచర్లు కూడా ప్రభుత్వ సంఘంలో చేరబోమని ఎదురుతిరిగారు. కానీ అసలు బలం వేరేచోట ఉందనిపిస్తుంది. అంతకు నూరేళ్లకు పైగా ఆ దేశంలో సామాన్యులు నడిపే ప్రార్థన మందిరాలు ఊరూరా ఉన్నాయి. రైతులు, పనివాళ్లు బోధించేవాళ్లు. పాస్టర్లకు, ఈ ప్రార్థన మందిరాల వాళ్లకు ఏళ్ల తరబడి పొసగలేదు. 1940లో ఇరువర్గాల నాయకులు కలిసి ఒక ఉమ్మడి మండలి పెట్టుకున్నారు. పైనుంచి జీతం ఆగినప్పుడు కింద నుంచి పట్టుకునే చేతులు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి.

పాస్టర్ ఒక్కడూ లేని చోట

సోవియట్ యూనియన్‌లో పరిస్థితి దీనికన్నా ఘోరం. 1930ల చివరికల్లా లూథరన్ పాస్టర్లు అరెస్టయ్యారు, చర్చిలు మూతపడ్డాయి. 1941 ఆగస్టు 28న వచ్చిన ఆదేశంతో వోల్గా నది ప్రాంతపు జర్మన్లను మొత్తంగా సైబీరియాకు, కజకస్తాన్‌కు తరలించారు. మగవాళ్లను నిర్బంధ శ్రమ దళాల్లోకి లాక్కుపోయారు. మిగిలింది ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు.

సంఘాన్ని బతికించింది అమ్మమ్మలు, నాయనమ్మలు. మూటల్లో దాచి తెచ్చిన పాటల పుస్తకం, చేత్తో ఎక్కించుకున్న ప్రసంగాల నోటుబుక్కులు, నోటికొచ్చిన కాటెకిజం వాళ్ల దగ్గరున్నవి. గుంపుగా కూడడానికి వీల్లేదు కాబట్టి ఎవరైనా చనిపోతే ఆ ఇంట్లోనే ఆరాధన. సమాధి పాటల పేరుతో విశ్వాసపు పాటలన్నీ పాడుకునేవాళ్లు. పిల్లలకు బాప్తిస్మం ఆ స్త్రీలే ఇచ్చేవాళ్లు. అత్యవసరంలో ఏ విశ్వాసి అయినా బాప్తిస్మం ఇవ్వవచ్చన్నది లూథరన్ బోధలో మొదటి నుంచీ ఉన్నదే. 1957లో కజకస్తాన్‌లోని అక్మోలిన్స్క్‌లో (తర్వాత త్సెలినోగ్రాడ్, ఇప్పుడు అస్తానా) ఒక సంఘానికి అధికారిక గుర్తింపు వచ్చేటప్పటికి, బయట ప్రపంచం చచ్చిపోయిందనుకున్న సంఘాలు లోపల కొనసాగుతూనే ఉన్నాయి.

ఇథియోపియాలో 1974 తర్వాత వచ్చిన సైనిక ప్రభుత్వం కింద మెకానే యేసూస్ అనే లూథరన్ సంఘం ఇంచుమించు ఇలాగే నిలిచింది. ప్రధాన కార్యదర్శి గుదీనా తుమ్సాను దేశం విడిచి వెళ్లమని మిత్రులు చెప్పినా ఆయన వెళ్లలేదు. 1979 జూలై 28న ఆయన్ను అపహరించి చంపేశారు, భార్యను పదేళ్లు జైల్లో పెట్టారు. చర్చిలు చాలాచోట్ల మూతపడ్డాయి. 1959లో ఏర్పడినప్పుడు 20,000 మంది ఉన్న ఆ సంఘంలో ఇప్పుడు కోటికి పైగా సభ్యులున్నారు. ఇళ్లలో కూడిక, యువత పాటల బృందాలు, జీతం లేని బోధకులు అక్కడి పెరుగుదలకు దారి వేశారు.

తూర్పు జర్మనీ కథ రెండు వైపులా చూడాలి. లీప్‌జిగ్ నికొలాయ్ చర్చిలో 1982 నుంచి ప్రతి సోమవారం సాయంత్రం జరిగిన శాంతి ప్రార్థన 1989 అక్టోబరు 9న 70,000 మంది కొవ్వొత్తులతో నడిచిన ఊరేగింపుకు దారితీసింది. తుపాకీ పేలలేదు. సరిగ్గా నెలకు గోడ కూలింది. ఇది అందరికీ తెలిసిన వైపు. ఇంకోవైపు, 1955 నుంచి ప్రభుత్వం కన్ఫర్మేషన్‌కు (యుక్తవయసులో పిల్లలు సంఘం ముందు విశ్వాసాన్ని ఒప్పుకునే ఆచారం) పోటీగా యువతకు తన సొంత ప్రమాణోత్సవం పెట్టింది. దానికి వెళ్లని పిల్లలకు పైచదువుల్లో సీట్లు దొరకడం కష్టమైంది. తల్లిదండ్రులు లొంగిపోయారు. 1950లో జనాభాలో పదింట ఎనిమిది మంది ప్రొటెస్టెంట్లుగా ఉన్న దేశంలో 1989 నాటికి వాళ్లు నాలుగో వంతుకు పడిపోయారు. జైళ్ల కన్నా కాలేజీ సీటు ఎక్కువ మందిని సంఘం నుంచి దూరం చేసింది.

సీమ సంఘాల దగ్గరికి వస్తే

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. ఏప్రిల్ 12న ఈస్టర్. ఆ నెలలో రాష్ట్రంలో కరోనా కేసులు ఎక్కువగా నమోదైన జిల్లాల్లో కర్నూలు ముందు వరుసలో ఉంది. జూన్ 8 దాకా ప్రార్థన స్థలాలు తెరవలేదు. ఇది రాజకీయ కల్లోలం కాదు గానీ, తాళం పడ్డ చర్చి ఎలా ఉంటుందో ఈ తరానికి చూపించింది. పట్టణాల్లో ఫోన్లో ప్రసంగాలు వినేవాళ్లకు పెద్ద లోటు తెలియలేదు. పల్లెల్లో కుటుంబ ప్రార్థన అలవాటున్న ఇళ్లు ఒకలా, ఆదివారం చర్చికి వెళ్లడమే విశ్వాసం అనుకున్న ఇళ్లు ఇంకోలా గడిపాయి. కానుకల సంచి తిరగకపోవడంతో చిన్న సంఘాల పాస్టర్ల ఇళ్లలో పొయ్యి వెలగడమే కష్టమైంది. లూథరన్, సీఎస్ఐ, బాప్టిస్టు అన్న తేడా ఇందులో లేదు.

జీతం ప్రశ్న ఇక్కడే ముందుకొస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో పాస్టర్లకు ప్రభుత్వం నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఇచ్చే పద్ధతి కొన్నేళ్లుగా ఉంది. అర్చకులకు, ఇమాములకు కూడా సాయం అందుతోంది కాబట్టి ఇందులో వివక్ష లేదనే వాదనకు బలముంది. పూట గడవని పాస్టర్‌కు 5,000 చిన్న మొత్తం కాదు. అయినా నార్వే అనుభవం ఒక ప్రశ్న మిగులుస్తుంది. ఆ డబ్బు ఆగిన నెల, లేదా దానితో పాటు ఒక మాట చెప్పమనో చెప్పొద్దనో ఒత్తిడి వచ్చిన నెల, ఆ ఇంటిని నడపడానికి సంఘం దగ్గర ఏముంది? గౌరవ వేతనం తీసుకోవడం తప్పు కాదు. అది లేకపోతే నడవలేని స్థితికి రావడమే ప్రమాదం.

దీనికి తెలుగు సంఘాల్లో పాత జవాబు ఒకటి ఉంది. అన్నం వండేముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి ఇల్లాలు ఒక పిడికెడు తీసి విడిగా డబ్బాలో వేస్తుంది. వారం తిరిగేసరికి డబ్బా నిండుతుంది. స్త్రీల సమాజం వాళ్లు ఇంటింటికీ వెళ్లి పోగుచేస్తారు, లేదా ఆదివారం చర్చికి తెచ్చి గంపలో పోస్తారు. కొంత అయ్యగారి ఇంటికి, కొంత వేలానికి. కూలి దొరకని రోజున పిడికిలి చిన్నదవుతుంది గానీ ఆగిపోదు. ఈ పద్ధతికి బ్యాంకు ఖాతా అక్కర్లేదు, గుంటూరు, తిరుపతి ఆఫీసుల సంతకం అక్కర్లేదు, అమెరికా డాలరుతో పని లేదు. ఇప్పుడు చాలాచోట్ల ఫోన్‌పేలో వంద రూపాయలు వేయడం దాని స్థానంలోకి వచ్చింది. సౌకర్యమే, కాకపోతే పిడికెడు బియ్యంతో ప్రతి ఇల్లూ, అందులో ముఖ్యంగా ఆడవాళ్లు, ప్రతి పూటా సంఘాన్ని మోశారు. ఆ భాగస్వామ్యం ఇందులో రాదు.

పేరు నమోదు ఇంకో చిక్కు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులుగా నమోదైన దళితులకు ఎస్సీ హోదా లేదు. రాష్ట్రంలో వాళ్లు బీసీ-సి కిందికి, 1 శాతం రిజర్వేషన్ కిందికి వస్తారు. పిల్లల చదువు, ఉద్యోగం పోతుందనే భయంతో సర్టిఫికెట్‌లో ఒకటి, ఆదివారం ఇంకొకటిగా బతికే కుటుంబాలు పేటల్లో చాలా ఉన్నాయి. జర్మనీలో ఎర్ర కార్డు మీద పేరు రాయడం ఎంత టెన్షనో ఇక్కడ బాప్తిస్మపు రిజిస్టర్‌లో పేరు రాయడం కొందరికి అంత టెన్షన్. తూర్పు జర్మనీలో కాలేజీ సీటు చేసిన పని ఇక్కడ ధ్రువపత్రం చేస్తోంది. ఈ కుటుంబాలను అబద్ధాలకోర్లని నిందించడం అన్యాయం. ఎంచుకోవాల్సిన స్థితిలోకి నెట్టినది చట్టం. అయితే కల్లోలం వచ్చినప్పుడు సంఘం తన మనుషులెవరో తానే లెక్కచెప్పలేని స్థితి దీనివల్ల వస్తుంది, సాయం ఎవరికి అందాలో కూడా తేలదు.

1947 సంగతి కూడా కర్నూలు వైపు వాళ్లకు గుర్తుండాలి. స్వాతంత్ర్యం వచ్చిన నెలన్నరకే, సెప్టెంబరు 27న మద్రాసులో సీఎస్ఐ ఏర్పడింది. లండన్ మిషన్ సంఘాలు అందులో కలిసిపోతే, నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో చాలామంది బిషప్పుల విషయంలో ఒప్పుకోక బయటే ఉండిపోయారు. ఒకే పేటలో రెండు సంఘాలు, ఏళ్ల తరబడి ఎడమొహం పెడమొహం. లూథరన్లు కూడా కలవలేదు, ప్రభు భోజనం గురించిన బోధ మీద ముందు ఒప్పందం కుదరాలన్నారు. చర్చలు 1948 నుంచి చాలా కాలం నడిచాయి గానీ విలీనం కాలేదు. 'ఇంతే చాలు' అనే 7వ అధికరణాన్ని నమ్మే సంఘం తన గడప దాటి పక్క సంఘంతో కలవడానికి అంత ఇబ్బంది పడటం, ఆ వాక్యాన్ని ఒప్పుకోవడం కన్నా పాటించడం ఎంత కష్టమో చెబుతుంది. రేపు ఏదైనా ఒత్తిడి వస్తే అది లూథరన్ పేటకు విడిగా, సీఎస్ఐ పేటకు విడిగా రాదు. నార్వేలో 1940లో పెట్టుకున్నలాంటి ఉమ్మడి మండలి మండల స్థాయిలో ఉందా లేదా అన్నది అప్పుడు తేడా చూపిస్తుంది.

సంస్కారాల మాట మిగిలింది. సీమ పల్లెల్లో ఒక పాస్టర్ కింద చాలా ఊళ్లు ఉంటాయి, ప్రభు భోజనం నెలకోసారి అందితే గొప్ప. మిగతా ఆదివారాలు సంఘపెద్దో, టీచరో, బైబిలు బాగా తెలిసిన ఒక పెద్దమ్మో నడుపుతారు. వీళ్లకు ఆరాధన క్రమం చదవడం, అత్యవసర బాప్తిస్మం ఇవ్వడం, సమాధి ప్రార్థన జరపడం పద్ధతిగా నేర్పి, సర్టిఫికెట్ ఇచ్చి, సంఘం ముందు నిలబెట్టి బాధ్యత అప్పగించడానికి ఏ కొత్త సిద్ధాంతమూ అవసరం లేదు. కేంద్ర ఆఫీసు అనుమతి, పారిష్‌లో రెండు వారాంతాల శిక్షణ, చిన్న కాటెకిజం ప్రతులు చాలు. అందులో స్త్రీల పేర్లు ఎన్ని ఉంటాయన్నది కూడా ముఖ్యం. కజకస్తాన్‌లో పాస్టర్లు లేకుండా పోయాక పని మీద వేసుకున్నది ఆడవాళ్లే, వాళ్లకు ముందుగా ఎవరూ శిక్షణ ఇవ్వలేదు.